మలిక్ అంబర్: బానిసగా వచ్చి దక్కను నేలిన హబ్షీ

మొహర్రం నెలలో మన పల్లెల్లో పీర్లను నిలిపిన చావిడి ముందు గుండం త్రవ్వి, నిప్పు రగిల్చి, దాని చుట్టూ హిందువులు, ముస్లిములు కలసి అలాయి త్రొక్కడం ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి క్రొత్త విషయం కాదు. ఆ అడుగులు వేసేవారిలో పెక్కుమంది కర్బలా చరిత్రను గ్రంథాలలో చదివినవారు కారు. అయినప్పటికీ క్రీ. శ. 680 నాటి ఆ దుఃఖం వారి పాదాలలో నేటికీ సజీవంగా నిలిచి ఉంది. హిందూపురం సమీపాన లేపాక్షి నాట్యమండపంలో నృత్యం రాతి స్తంభాల మీద నిలిచిపోయింది. ధర్మవరం దాపున నిమ్మలకుంటలో చిత్రకారులు తోలుబొమ్మలలో రామాయణాన్ని నిలుపుకున్నారు. చరిత్రను కాపాడేది కాగితం ఒక్కటే కాదని మన మూడు పట్టణాల పరిసరాలు మనకు నిత్యం బోధిస్తూనే ఉన్నాయి.

ఇదే విధంగా హైదరాబాదులో మర్ఫా అనే వాద్యం, దానితో కూడిన నృత్యం ఉన్నాయి. డఫ్, మర్ఫా, డోలు మొదలైన వాద్యాల హోరులో కర్రలు, కత్తులు త్రిప్పుతూ పెండ్లి ఊరేగింపులలో ఆడే ఆ ఆటను చూడని హైదరాబాదీ ఉండడు. అందులో అరబ్బుల భాగం ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల భాగం కూడా ఉంది. ఈ సిద్దీలనే మన దేశ చరిత్రలో హబ్షీలు అన్నారు. హబష అనగా అబిసీనియా, నేటి ఇథియోపియా. మా చిన్నతనంలో కొంచెం నల్లగా పుట్టిన పిల్లవానిని తోటివారు హబ్షీ అని గేలి చేయడం మేము విన్నాము. ఆ మాట వెనుక ఎంతటి చరిత్ర ఉన్నదో గేలి చేసినవారికీ తెలియదు, గేలికి గురియై తలవంచుకున్నవానికీ తెలియదు. తలవంచుకోవలసిన అవసరం ఏమాత్రం లేదని చెప్పడానికే ఈ వ్యాసంలో మలిక్ అంబర్ జీవితాన్ని విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

అంబర్ క్రీ. శ. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో జన్మించినాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు చాపు అని చరిత్రకారులు చెబుతారు. ఆ కాలంలో ఆ దేశంలో యుద్ధాల వలన, దారిద్ర్యం వలన వేలాది బాలురు బానిసల వర్తకుల చేతులలో పడేవారు. చాపు కూడా ఆ విధంగానే పడినాడు. ఎర్రసముద్రం దాటించి మోకా రేవులో అమ్మినారు. అప్పటి వెల 80 గిల్డర్లని తరువాతి కాలంలో అంబర్‌ను స్వయంగా చూచిన పీటర్ వాన్ డెన్ బ్రోక్ అనే డచ్చి వర్తకుడు వ్రాసి పెట్టినాడు. ఒక మనిషి వెల ఒక వర్తకుని లెక్కల పుస్తకంలో ఈనాటికీ మిగిలి ఉండటం ఆలోచించవలసిన విషయం. ఆ తల్లి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ మిగలలేదు.

మోకా నుంచి బాలుడు బాగ్దాదు చేరినాడు. అక్కడి యజమాని అతని తెలివితేటలను గుర్తించి చదువు చెప్పించినాడు. బాలుడు ఇస్లాము స్వీకరించినాడు. అంబర్ అనే పేరు అక్కడనే వచ్చింది. అంబర్ అనగా సముద్రంలో లభించే ఒక విలువైన సుగంధ ద్రవ్యం. బానిసలకు ఇటువంటి ముద్దుపేర్లు పెట్టడం ఆనాటి ఆచారం. పేరు మారింది, మతం మారింది, భాష మారింది. బానిసత్వం మాత్రం మారలేదు. 1570 తరువాతి సంవత్సరాలలో అతనిని దక్కనుకు తెచ్చి మరల అమ్మినారు.

ఆనాటి దక్కను స్థితిని ఇక్కడ కొంత చెప్పుకొనవలసి ఉంది. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోగా తిరుమలరాయలు మన పెనుకొండను రాజధానిగా చేసుకున్నాడు. ఆ యుద్ధంలో గెలిచిన సుల్తానులలో అహమ్మదునగరం నిజాంషాహీలు ఒకరు. ఆ అహమ్మదునగరంలోనే ప్రధాని పదవిలో ఉన్న చెంగిజ్ ఖాన్ అంబర్‌ను కొన్నాడు. ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా ఆ చెంగిజ్ ఖాన్ కూడా ఒకనాడు హబ్షీ బానిసయే. అతడు వేయిమంది దాకా హబ్షీలను కొని తన బలగంగా ఏర్పరచుకున్నాడు. దక్కను సుల్తానులు బానిసలను పొలం దున్నించడానికి కాక సైన్యంలో చేర్చడానికి కొనేవారు. స్వదేశంలో బంధువులు లేనివాడు, స్థానిక జమీందారులతో సంబంధం లేనివాడు యజమానికే విశ్వాసంగా ఉంటాడని వారి లెక్క. యజమాని మరణిస్తే సాధారణంగా బానిస స్వతంత్రుడయ్యేవాడు. తరువాత తన బలాన్ని బట్టి సేనానిగా, అమీరుగా ఎదిగే అవకాశం ఉండేది. ఈ కారణం చేతనే దక్కనులో హబ్షీల నుంచి సేనానులు, మంత్రులు, కోటల అధిపతులు పుట్టుకొచ్చినారు.

కొద్ది సంవత్సరాలకే చెంగిజ్ ఖాన్ మరణించినాడు. అతని భార్య అంబర్‌ను విడుదల చేసింది. స్వతంత్రుడైన అంబర్ వివాహం చేసుకొని, తరువాత దాదాపు ఇరువది సంవత్సరాలు బిజాపురం సుల్తానుల కొలువులో గడిపినాడు. మలిక్ అనే బిరుదు అతనికి అక్కడ లభించింది. 1595 ప్రాంతంలో అక్కడి ఆదరణ చాలక, తన వెంట ఉన్న నూటయేబది మంది అశ్వికులతో అహమ్మదునగరానికి తిరిగి వచ్చినాడు. ఆ నూటయేబది మందియే తరువాతి కథకు పునాది.

అప్పటికి అక్బరు సేనలు దక్కను మీద దృష్టి సారించినవి. చాంద్‌బీబీ వీరోచితంగా అహమ్మదునగరం కోటను కాపాడింది. 1600లో ఆమె మరణానంతరం కోట మొగలుల వశమైనది. రాజధాని పోయింది, సుల్తాను బందీ అయినాడు. ఇక నిజాంషాహీ రాజ్యం ముగిసినదని అందరూ భావించిన సమయంలో మలిక్ అంబర్ ముందుకు వచ్చినాడు. రాజవంశానికి చెందిన ఒక యువకుని వెదకి తెచ్చి రెండవ ముర్తజా నిజాంషా అనే పేరుతో పరెండా కోటలో పట్టాభిషేకం చేయించి, తన కుమార్తెనిచ్చి పెండ్లి చేసినాడు. సింహాసనం మీద సుల్తాను కూర్చున్నాడు. రాజ్యభారం అంబర్ వహించినాడు.

అటు తరువాత ఇరువదియారు సంవత్సరాలు అక్బరు, జహంగీరు వంటి చక్రవర్తుల సేనలను అతడు ఎదిరించిన తీరు యుద్ధ చరిత్రలో చెప్పుకోదగినది. మొగలుల బలం భారీ ఫిరంగులలో, ఏనుగులలో, పెద్ద దండులో ఉండేది. దక్కను కొండలలో, లోయలలో ఆ బలమే భారమయ్యేది. అంబర్ తేలికపాటి గుర్రపు దళాలను పెంచినాడు. రాత్రివేళ దాడి చేయడం, శత్రువునకు ధాన్యం, గడ్డి అందకుండా చేయడం, ఎదురు నిలువక తప్పించుకొని మరల వెనుక నుంచి పడటం ఆ దళాల పని. ఇందుకు అతడు మరాఠా రౌతులనే ఎక్కువగా నమ్ముకున్నాడు. శివాజీ తాత మాలోజీ, తండ్రి షాహాజీ అహమ్మదునగరం కొలువులో పని చేసినవారే. 1610 ప్రాంతంలో అతని సైన్యంలో 10,000 మంది హబ్షీలు, 40,000 మంది దక్కనీలు ఉండేవారని ఆనాటి ఆంగ్ల యాత్రికుడు విలియం ఫించ్ వ్రాసినాడు. దూర దేశం నుంచి వచ్చిన నల్లవాడు ఈ గడ్డ మీది మరాఠాలను, ముస్లిములను ఒక్క త్రాటిమీదకు తెచ్చి ఢిల్లీ, ఆగ్రాల ఆధిపత్యాన్ని నిలువరించినాడు.

జహంగీరుకు అంబర్ కంటిలో నలుసైనాడు. చక్రవర్తి తన స్వీయచరిత్రలో అంబర్ పేరు వచ్చినప్పుడెల్లా అతని రంగును, పుట్టుకను నిందించినాడు. 1616 ప్రాంతంలో అబుల్ హసన్ అనే ఆస్థాన చిత్రకారుడు ఒక చిత్రం గీసినాడు. అందులో జహంగీరు భూగోళం మీద నిలబడి, ఈటెకు గ్రుచ్చిన అంబర్ తలను బాణంతో కొడుతున్నాడు. ఆ చిత్రం ఇప్పుడు ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. కాని నిజానికి జహంగీరు అంబర్‌ను ఎన్నడూ పట్టుకోలేదు, చంపలేదు. యుద్ధభూమిలో తీరని కోరికను కాగితం మీద తీర్చుకున్నాడు. ఒక మనిషిని గురించి అతని శత్రువు గీయించిన బొమ్మయే ప్రపంచానికి బాగా తెలియడం చరిత్రలో జరిగే అన్యాయాలలో ఒకటి.

అంబర్ ఎల్లప్పుడూ గెలిచినాడని చెప్పుట సత్యం కాదు. 1617లో యువరాజు ఖుర్రం, అనగా తరువాతి షాజహాను, పెద్ద దండుతో వచ్చినప్పుడు అంబర్ సంధి చేసుకొని కోటలు అప్పగించవలసి వచ్చింది. 1621లో కూడా అదే జరిగింది. కాని ప్రతి పరాజయం తరువాత అతడు మరల లేచినాడు. 1624లో అహమ్మదునగరం సమీపాన భాత్‌వాడీ వద్ద మొగలులు, బిజాపురంవారు కలసి రాగా, చెరువు కట్ట తెగగొట్టి వారి విడిదిని బురదమయం చేసి, ఇరు సేనలను ఒక్కసారిగా ఓడించినాడు. అప్పటికి అతని వయస్సు డెబ్బది అయిదు దాటింది.

యుద్ధవీరునిగా కంటె పాలకునిగా అంబర్ చేసిన పనులు మరింత గొప్పవని మా అభిప్రాయం. శిస్తు వసూలును వేలంపాట గుత్తేదారులకు అప్పగించే పద్ధతిని తొలగించి, భూమి మంచి చెడ్డలను, పంటను అంచనా వేసి శిస్తు నిర్ణయించే పద్ధతిని ప్రవేశపెట్టినాడు. 1610 ప్రాంతంలో ఖిర్కీ అనే గ్రామం ఉన్నచోట క్రొత్త రాజధానిని నిర్మింపజేసినాడు. అక్కడి భడ్కల్ దర్వాజా, కాలీ మసీదు అతని కాలంనాటివే. నీటి వసతి లేనిచోట నగరమెట్లా అని సందేహించినవారికి సమాధానంగా, నగరానికి ఉత్తరాన ఉన్న కొండల నుంచి భూగర్భంలో కాలువలు నడిపి ఇంటింటికీ, మసీదుకూ నీరు చేర్చినాడు. నహరె అంబరీ అని పేరొందిన ఆ కాలువ ఎన్నో తరాల దాహం తీర్చింది. వేసవిలో బిందెలు వరుసపెట్టి ట్యాంకరు కొరకు ఎదురుచూసిన మన ప్రాంతపు విద్యార్థులకు ఆ పని విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

అతనిలో లోపాలు లేవని మేము చెప్పబోము. సుల్తాను ముర్తజాతో విరోధం ముదిరి 1610లో అతనికి విషమిప్పించి చంపించినాడని చెబుతారు. సుల్తాను పర్షియా దేశపు భార్య అంబర్ కుమార్తెను బానిస సంతానమని నిందించడమే అందుకు కారణమని ఆ డచ్చి వర్తకుని కథనం. అది నిజమైనచో, రాజ్యమేలుతున్న మనిషిని కూడా బానిస అన్న మాట ఎంతగా గాయపరచగలదో ఊహించవచ్చును. గాయం ఎంతటిదైనా హత్య న్యాయం కాజాలదు. అంతకంటె ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. ఒకనాడు సంతలో అమ్ముడుపోయిన ఆ మనిషి తాను అధికారంలోకి వచ్చిన తరువాత హబ్షీ బాలురను కొనుట మానలేదు. వారికి చదువు, ఆయుధవిద్య నేర్పించినాడన్నది నిజమే. కాని వారిని అమ్మిన తల్లుల కన్నీరు కూడా అంతే నిజం. మహాపురుషుల జీవితాలను వ్రాసేటప్పుడు ఇటువంటి సంగతులను కప్పిపుచ్చడం విద్యార్థులకు మేలు చేయదు.

1626లో దాదాపు ఎనుబది ఏండ్ల వయస్సులో మలిక్ అంబర్ మరణించినాడు. ఖుల్దాబాదులో సూఫీ మహాత్ముల దర్గాల నడుమ అతని సమాధి ఉంది. అతని భార్య బీబీ కరీమా సమాధి కూడా అక్కడనే ఉంది. మొగలుల ఆస్థాన చరిత్రకారుడు సైతం అంబర్ మరణవార్త వ్రాస్తూ, యుద్ధంలోనూ పాలనలోనూ అతనికి సాటిలేదని ఒప్పుకొనక తప్పలేదు. పది సంవత్సరాలు తిరుగకుండానే, 1636 నాటికి, నిజాంషాహీ రాజ్యం అంతరించింది. ఖిర్కీని కుమారుడు ఫతేఖాన్ ఫతేనగర్ అన్నాడు. తరువాత ఔరంగజేబు పేర ఔరంగాబాదు అయింది. 2023 నుంచి ఛత్రపతి శంభాజీనగర్ అయింది. ఊరు పుట్టించినవాని పేరు ఆ ఊరి పేరులో ఏనాడూ లేదు.

హబ్షీల చరిత్ర మన సీమకు దూరమైనదని అనుకొనరాదు. 1660లో పన్హాళా కోటలో శివాజీని ముట్టడించిన సిద్దీ జౌహర్ కర్నూలు అధిపతి. బిజాపురం ప్రధానిగా పని చేసిన సిద్దీ మసూద్ ఖాన్ ఆదోని కోటకు అధికారి. ఆదోని జామియా మసీదు అతని కీర్తికి నేటికీ సాక్ష్యం. పందొమ్మిదవ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు ఆఫ్రికా సైనికులను పోషించగా, వారు నిజాం కొలువు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వికదళంగా ప్రసిద్ధి చెందినారు. హైదరాబాదులో ఏ. సీ. గార్డ్స్ అనే పేట పేరు ఆ దళం వలన వచ్చినదే. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయినవి, జీతాలు పోయినవి. డప్పు, అడుగు మాత్రం మిగిలినవి.

ఈ సిద్దీలు మలిక్ అంబర్ సంతతివారు కారు. వారి రాకకు, అతని కాలానికి నడుమ రెండు వందల ఏండ్లకు పైగా వ్యవధి ఉంది. కాని వారందరినీ ఒకే సముద్రం తెచ్చింది. అంబర్ వంటి కొందరి పేర్లు గ్రంథాలకెక్కినవి. అతని వెంట నడచిన హబ్షీలలో పెక్కుమంది జీవితాలు గ్రంథానికెక్కలేదు. వారి వంటి సామాన్యుల చరిత్రను వెదకవలసినది నృత్యంలోనే. గుజరాతులో రతన్‌పూర్ వద్ద బావాగోర్ దర్గాలో సిద్దీలు ఆడే ధమాల్‌ను గోమా అని కూడా అంటారు. తూర్పు ఆఫ్రికా భాషలలో ఎన్‌గోమా అనగా డప్పు, డప్పుతో కూడిన ఆట. భాష మరచిపోయినవారి నోట ఆ ఒక్క మాట నిలిచింది. ఉత్తర కన్నడ జిల్లా అడవులలోని సిద్దీలలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఉన్నారు. మతాలు వేరైనను డమామీ డప్పు వారందరినీ కలుపుతున్నది.

నృత్యాన్ని చరిత్ర పరిశోధనకు సాధనంగా చేసుకొనవచ్చునని నిరూపించినవారు కూడా ఉన్నారు. అమెరికాకు చెందిన నల్లజాతి నర్తకి కేథరిన్ డన్హం 1935లో మానవశాస్త్ర విద్యార్థినిగా కరీబియన్ దీవులకు వెళ్ళి, బానిసలుగా తేబడినవారి సంతతి ఆడే ఆటలను నేర్చుకొని, వాటి అర్థాన్ని అడిగి తెలుసుకొని, తరువాత రంగస్థలం మీదకు తెచ్చింది. తమ పూర్వులకు చరిత్ర లేదని నమ్మిన నల్లజాతి యువతకు ఆ నృత్యం చరిత్ర పాఠమైంది. మన మర్ఫాకు కూడా అటువంటి శ్రద్ధ అవసరం. పెండ్లి ఊరేగింపులో రెండు గంటల సందడిగా మాత్రమే దానిని చూచినంత కాలం, వాయించే వృద్ధునితో పాటు ఆ అడుగు వెనుక ఉన్న కథ కూడా వెళ్ళిపోతుంది. ఏ వరుస ఎవరు నేర్పినారు, కత్తి ఎందుకు త్రిప్పుతారు, ఏ మాటకు అర్థమేమి అని అడిగేవారు లేకపోతే, వాద్యం మిగిలినను చరిత్ర మిగలదు.

విద్యార్థి మిత్రులకు, కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవంలోనూ మన విద్యార్థులు నృత్యాలు ప్రదర్శిస్తారు. సినిమా పాటలకు ఆడటం తప్పని మేము అనము. వాటి నడుమ ఒక్క అర్ధగంట మలిక్ అంబర్‌కు కేటాయించవచ్చును కదా. మోకా సంత, బాగ్దాదు బడి, దక్కను కొండలలో గుర్రపు దండు, ఖిర్కీకి చేరిన నీరు, ఈ నాలుగు దృశ్యాలు చాలును. ఉర్దూ శాఖవారు కథ వ్రాయవచ్చును, తెలుగు శాఖవారు వ్యాఖ్యానం చెప్పవచ్చును. హైదరాబాదు నుంచి మర్ఫా పెద్దలను సగౌరవంగా పిలిపించి, సభకు ముందు వారి వద్ద అడుగు నేర్చుకొని, ఆ అడుగుల కథను వ్రాసి పెట్టుకొనవచ్చును. అలాయి త్రొక్కిన పాదాలకు ఆ అడుగు కష్టం కాదు.

ఇస్లాము తొలిరోజులలో మక్కాలో హింసలు పడినవారికి ఆశ్రయమిచ్చినది హబష రాజు నజాషీ. తొలి అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ హబ్షీయే. ఆ దేశం నుంచే వచ్చిన అంబర్ దక్కనుకు నీరిచ్చినాడు. ఈ మూడు సంగతులు తెలిసిన విద్యార్థి ఇక మీదట హబ్షీ అనే మాటను గేలిగా వాడలేడు. అటువంటి విద్యార్థి ఒక్కడైనా ఈ సంవత్సరం మన కళాశాల నుంచి బయలుదేరినచో మా శ్రమ ఫలించినట్లే.